ఉదయపు రేడియో గంటను కూర్చడం: వార్త, రాజకీయం, సంస్కృతి ఒకదాని పక్కన ఒకటి

ఉదయం పూట మరో పని లేకుండా రేడియో ముందు కూర్చుని వినేవారు దాదాపు ఉండరు. పళ్లు తోముకుంటూ, పిల్లలను బడికి తయారుచేస్తూ, బట్టలు ఇస్త్రీ చేస్తూ, బండి నడుపుతూ వింటారు. 7.10కి రేడియో పెట్టినవారు 7.30కి ఇల్లు దాటిపోతారు, 7.40కి ఇంకెవరో వచ్చి చేరతారు. మనం కార్యక్రమాన్ని గంటగానే తయారుచేస్తాం గానీ, మొదటి నుంచి చివరి దాకా గంటగా వినేవారు కొద్దిమందే. అందువల్ల మధ్యలో ఏ ఇరవై నిమిషాలు విన్న శ్రోతకైనా ఆ రోజు ముఖ్యమైన వార్త తెలియాలి, దాని చుట్టూ నడుస్తున్న వాదం ఏమిటో అర్థం కావాలి, ఆ వార్తలకు అవతల మనుషులు పాడుతున్నారనీ రాస్తున్నారనీ గుర్తుచేసే ఒక గొంతు వినబడాలి. వార్తకు ఇన్ని నిమిషాలు, రాజకీయానికి ఇన్ని, సంస్కృతికి ఇన్ని అని పంచుకున్నంత మాత్రాన ఇది సాధ్యపడదు. దేని తర్వాత ఏది వస్తుందన్నదే అసలైన కూర్పు. ఇలాంటి కార్యక్రమాన్ని కొత్తగా చేపట్టినవారి కోసం, పనిలో నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ రకం కార్యక్రమానికి పేరుపొందిన నమూనాలు మూడింటిని చూడడం మేలు. బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ వారి ‘టుడే’ 1957 అక్టోబరు 28న వారి దేశీయ రేడియో విభాగం హోమ్ సర్వీస్‌లో మొదలైనప్పుడు, ఉదయపు తేలికపాటి సంగీతానికి బదులుగా సమకాలీన విషయాలపై చిన్న ప్రసంగాలు వినిపించడమే దాని ఉద్దేశం. అప్పటికే ఉన్న వార్తా సంచికలకూ, మత, సంగీత కార్యక్రమాలకూ నడుమ ఇరవై నిమిషాల భాగాలు రెండింటిగా అది ఇమిడేది. తర్వాతి కాలంలో 8.10 ప్రాంతంలో వచ్చే రాజకీయ ఇంటర్వ్యూ దానికి వెన్నెముక అయింది, అయినా 7.45 ప్రాంతంలో మూడు నిమిషాల లోపు వినిపించే ‘థాట్ ఫర్ ద డే’ అనే ఆలోచనా ప్రసంగాన్ని అది వదులుకోలేదు. అమెరికాలో నేషనల్ పబ్లిక్ రేడియో 1979 నవంబరు 5న ప్రారంభించిన ‘మార్నింగ్ ఎడిషన్’ భాగాల నిడివిని సెకన్లతో సహా ముందే ప్రకటిస్తుంది, ఎందుకంటే ఊరూరా ఉన్న సభ్య స్టేషన్లు తమ స్థానిక వార్తలను ఆ ఖాళీల్లో సరిగ్గా అమర్చుకోవాలి. 1965లో పూర్తి వార్తల స్టేషన్‌గా మారిన న్యూయార్క్ 1010 విన్స్, తమకు 22 నిమిషాలు ఇస్తే శ్రోతకు ప్రపంచాన్ని ఇస్తామని చెప్పుకుంది; శ్రోత వచ్చిపోయేవాడన్న సత్యాన్ని అంత నేరుగా ఒప్పుకున్న నినాదం మరొకటి నాకు కనబడలేదు. రాజకీయపు వేడి మధ్య ఒక నిదానమైన గొంతు నిలవగలదని మొదటిది, గడియారాన్ని ఒప్పందంలా పాటించవచ్చని రెండవది, ముఖ్యమైనదాన్ని మళ్లీ మళ్లీ చెప్పడం తప్పు కాదని మూడవది మనకు చూపుతాయి.

ముందు గడియారం

కాగితం మీద ఒక పెద్ద వృత్తం గీసి, దాన్ని గంటగా భావించి, కదలని బిందువులను ముందు గుర్తించండి. 7.00కి ముఖ్యాంశాలతో పూర్తి వార్తలు, 7.30కి మళ్లీ ముఖ్యాంశాలు, 8.00కి తదుపరి వార్తలు అన్నవి కదలకూడదు. వాతావరణం, రాకపోకల సమాచారం ఇచ్చేట్టయితే వాటికీ ప్రతిరోజూ ఒకే నిమిషం ఉండాలి, ఎందుకంటే చాలామంది శ్రోతలు ఉదయపు పనులను ఆ నిమిషాలతోనే కొలుచుకుంటారు. ఈ బిందువుల మధ్య మిగిలిన ఖాళీలే మన చేతిలో ఉన్న స్థలం. వాటిని అన్నీ సమానంగా కోయవద్దు. ఒక పొడవైన అంశం, రెండు చిన్నవి, ఒక మధ్యరకం అన్నట్టుగా ఉంటేనే గంటకు ఊపిరి ఉంటుంది. వరుసగా నాలుగు నిమిషాల అంశాలు ఆరు వినిపిస్తే, ఒక్కొక్కటీ ఎంత బాగున్నా, చెవి మూడోదానికే అలసిపోతుంది.

గడియారాన్ని ముందుకు లెక్కపెట్టడం అందరికీ వచ్చు. వెనక్కి లెక్కపెట్టడం నేర్చుకోవాలి. ఉదాహరణకు 8.00 వార్తలకు ముందు చివరి అంశం ఒక సాంస్కృతిక రికార్డింగ్, నిడివి 5 నిమిషాల 20 సెకన్లు అనుకుందాం. ముగింపు మాటలకు 40 సెకన్లు కావాలి. రెండూ కలిపితే 6 నిమిషాలు, కాబట్టి రికార్డింగ్ 7.54కి మొదలై తీరాలి. దాన్ని పరిచయం చేయడానికి 20 సెకన్లు తీసేస్తే, అంతకుముందు నడుస్తున్న రాజకీయ ఇంటర్వ్యూ 7.53.40కి ముగియాలి. ఆ ఇంటర్వ్యూ 7.45.30కి మొదలైతే దానికి ఉన్న సమయం 8 నిమిషాల 10 సెకన్లు. గడియారం 7.52 చూపుతున్నప్పుడు నిర్మాత ప్రయోక్త హెడ్‌ఫోన్‌లో ‘ఇంకా ఒకటీ నలభై’ అని చెప్పాలి, అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పకూడదు. ఈ అంకెలను రన్నింగ్ ఆర్డర్‌లో, అంటే అంశాల వరుస రాసిన పట్టికలో, ప్రతి అంశం ఎదుట ముందే రాసి పెట్టుకుంటే, ప్రసారంలో ఉండగా లెక్కలు వేసుకునే అవస్థ ఉండదు.

ఈ లెక్క తప్పితే నష్టపోయేది ఎప్పుడూ చివరి అంశమే, చివర ఉండేది తరచూ సంస్కృతి. నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో, వాద్యాలు తయారుచేసే ఒక పెద్దాయనతో చేసిన రికార్డింగ్‌ను గంట చివర పెట్టాం. చెక్కను ఎలా ఎంచుకుంటారో, ఎన్నాళ్లు ఆరబెడతారో, తీగను ఎలా బిగిస్తారో ఆయన నెమ్మదిగా చెబుతూ, చిట్టచివర తాను చేసిన వాద్యాన్ని మీటి వినిపించేలా దాన్ని మలిచాం. ఆ ఉదయం అంతకుముందున్న ఇంటర్వ్యూ అనుకున్నదానికంటే డెబ్బై సెకన్లు ఎక్కువ సాగింది. పెద్దాయన ‘ఇప్పుడు వినండి’ అన్న క్షణంలో ఎనిమిదైందని తెలిపే టైమ్ సిగ్నల్ పడింది. ఐదు నిమిషాలు ఏ నాదం కోసం ఎదురుచూశారో ఆ నాదం ఎవరికీ వినబడలేదు, దానికి బాధ్యత నాదే. అప్పటి నుంచి ప్రతి రికార్డింగ్‌కూ రెండు చోట్ల ‘ఇక్కడ ఆపవచ్చు’ అనే గుర్తు పెడుతున్నాను, అంతకంటే ముఖ్యంగా, మొదటి పది సెకన్లలోనే వినిపించగలిగినదాన్ని చివరి కోసం దాచడం మానేశాను. సరైన సమయం తెలపడానికి బీబీసీ 1924 నుంచి వినిపిస్తున్న ఆరు చిన్న కూతలైన గ్రీన్‌విచ్ పిప్స్ మీద మాట పడితే అక్కడి ప్రయోక్తలు దాన్ని దోషంగా ఎంచుతారు. సమయాన్ని అంత గౌరవించడం శ్రోతను గౌరవించడంలో భాగమే.

చెవి కోసం రాసిన వార్త

పత్రికలో అర్థం కాని వాక్యాన్ని మళ్లీ చదువుకోవచ్చు, రేడియోలో ఆ వీలు లేదు. ‘నగరంలోని 14 వార్డులకు రేపటి నుంచి రోజు విడిచి రోజు తాగునీరు సరఫరా చేయాలని నిన్న సాయంత్రం జరిగిన అత్యవసర సమావేశంలో పురపాలక సంఘం తీర్మానించింది’ అన్న వాక్యం పత్రికకు సరిపోతుంది. రేడియోకు దాన్ని విడగొట్టాలి: ‘రేపటి నుంచి నగరంలో పద్నాలుగు వార్డులకు రోజు విడిచి రోజే నీళ్లు వస్తాయి. పురపాలక సంఘం నిన్న సాయంత్రం ఈ నిర్ణయం తీసుకుంది.’ తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి, కర్తకూ క్రియకూ మధ్య మనం ఎన్ని విశేషణాలు కుక్కితే అంతసేపు శ్రోత అర్థం కోసం ఊపిరి బిగబట్టవలసి ఉంటుంది. ఒక వాక్యానికి ఒక సంగతి, ఒక వాక్యానికి ఒకే అంకె అన్న నియమాన్ని పాటించండి. మనిషి హోదా ముందు, పేరు తర్వాత చెప్పండి. ఇంగ్లిష్ రేడియోలో సెకనుకు మూడు మాటలన్న లెక్క వాడుకలో ఉంది గానీ, మాటకు మాట అతుక్కుని పొడవయ్యే మన భాషకు అది పనికిరాదు. స్టాప్‌వాచ్ పెట్టి బిగ్గరగా చదివితేనే నిడివి తెలుస్తుంది, నాలుక తొట్రుపడే చోటు కూడా అప్పుడే బయటపడుతుంది.

ప్రసారం నడుస్తుండగా పెద్ద వార్త వస్తే తొందర సహజం. ఒక్క చోటి నుంచే వచ్చిన సమాచారాన్ని ధ్రువపడిన వార్తగా చదవవద్దు. ‘ఇంతవరకు తెలిసినది ఇది, ఫలానా సంగతి ఇంకా తెలియవలసి ఉంది’ అని సమయంతో సహా చెప్పి ముందుకు సాగండి. తప్పు చదివినట్టు తేలితే అదే కార్యక్రమంలో, వీలైతే అదే అరగంటలో, తప్పు ఏమిటో, ఒప్పు ఏమిటో స్పష్టంగా చెప్పి దిద్దాలి.

రాజకీయం

ఉదయపు రాజకీయ ఇంటర్వ్యూ అనగానే చాలామంది కొత్తవారికి ఎవరినో ఇరికించే ప్రశ్న గుర్తొస్తుంది. నా దృష్టిలో దాని పని వేరే. నిర్ణయాలు తీసుకునేవారు ఆ నిర్ణయాలకు గల కారణాలను, వాటి ఫలితం అనుభవించేవారికి వినబడేలా చెప్పవలసిన చోటు అది. పైన చెప్పిన నీటి సరఫరా వార్తనే తీసుకుందాం. ‘ప్రతిపక్షం మీ పాలనను దుయ్యబడుతోంది, మీరేమంటారు?’ అని అడిగితే, తిట్టుకు తిట్టు జవాబుగా వస్తుంది, శ్రోతకు చుక్క నీటి సంగతి కూడా తెలియదు. ‘ఈ పద్నాలుగు వార్డులనే ఎలా ఎంచుకున్నారు?’ అని అడిగితే, జవాబు ఏదైనా సరే, దానిలో సమాచారం ఉంటుంది. జవాబు దాటవేసినా ఆ దాటవేత అందరికీ వినబడుతుంది. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, ఒక్కటే ఉండాలి. ‘ఎందుకు ఇలా చేశారు, దీనివల్ల పేదలు ఇబ్బంది పడరా, ఎప్పటికి సర్దుకుంటుంది?’ అని మూడు కలిపి అడిగితే, ఎదుటివారు వాటిలో సులువైనదాన్ని ఎంచుకుంటారు, మిగతా రెండూ గాలిలో కలిసిపోతాయి.

మొదటి ప్రశ్నను మాటతో సహా రాసుకోండి. తర్వాతివాటిని విషయాలుగా మాత్రమే రాసుకుని, జవాబును వినండి. చేతిలోని కాగితం మీద తర్వాతి ప్రశ్న చూసుకుంటున్న ప్రయోక్త జవాబులో దొర్లిన అసలు సంగతిని జారవిడవడం ఎంతోసార్లు చూశాను. ‘జలాశయంలో నీళ్లు తగ్గాయని మాకు రెండు నెలల క్రితమే తెలుసు’ అని ఒక అధికారి మాట మధ్యలో అంటే, ఆ క్షణంలో కాగితం పక్కన పెట్టి ‘రెండు నెలల క్రితమే తెలిస్తే ప్రజలకు నిన్న సాయంత్రం దాకా ఎందుకు చెప్పలేదు?’ అని అడగగలగాలి. అలాగే జవాబు రానప్పుడు అదే ప్రశ్నను మరోసారి, అదే మర్యాదతో అడగవచ్చు. మూడోసారి అడగడం వల్ల కొత్తగా ఏదీ రాదని తెలిస్తే, ‘ఈ ప్రశ్నకు మీ నుంచి జవాబు రాలేదు’ అని ప్రశాంతంగా అని ముందుకు వెళ్లండి. గొంతు పెంచితే శ్రోత దృష్టి విషయం మీద నుంచి ప్రయోక్త మీదికి మళ్లుతుంది.

వచ్చేవారికి విషయం ఏమిటో, ఎంతసేపో, ప్రత్యక్ష ప్రసారమా రికార్డింగా, ఇంకెవరైనా పాల్గొంటున్నారా అన్నవి ముందే చెప్పడం మన ధర్మం. ప్రశ్నలను ముందుగా ఇవ్వడం మాత్రం కాదు. పిలిచినా రానివారి గురించి ‘వారిని ఆహ్వానించాం, రాలేమన్నారు’ అని ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యంలో వెక్కిరింత ధ్వనించకూడదు. నిష్పక్షపాతం కోసం ఇద్దరు ప్రత్యర్థులను తెచ్చి నాలుగు నిమిషాలు వదిలేసే పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే ఉదయం పూట ఒకరి మీద ఒకరు మాట్లాడే రెండు గొంతులను సగం చెవితో వింటున్న మనిషి విడదీసి అర్థం చేసుకోలేడు. ఒక్కొక్కరితో విడిగా, తగినంత సమయం ఇచ్చి మాట్లాడి, ఎవరికి ఏ రోజున ఎన్ని నిమిషాలు ఇచ్చామో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవడం మేలు. ఎన్నికల కాలంలో ఈ పుస్తకమే మనల్ని కాపాడుతుంది. ఇంటర్వ్యూ వెంటనే, ఆ విషయాన్ని రోజూ పరిశీలించే విలేకరితో రెండు నిమిషాలు మాట్లాడించి, చెప్పిన అంకెల్లో ఏవి రికార్డులతో సరిపోతున్నాయో తేల్చడం శ్రోతకు ఎంతో ఉపకారం. వీధిలో పదిమంది అభిప్రాయాలు రికార్డు చేసి వినిపించడం ముచ్చటగానే ఉంటుంది గానీ, దాన్ని ‘ప్రజాభిప్రాయం’ అని పిలవవద్దు. అది ఆ వేళకు ఆ దారిన వెళ్లిన పదిమంది మాట మాత్రమే.

సంస్కృతికి చోటు

వార్తలు, రాజకీయం నింపగా మిగిలిన నిమిషాల్లో సంస్కృతిని పెట్టే స్టేషన్‌లో సంస్కృతి ఎన్నటికీ మిగలదు. రేపటి వార్త ఏదో రేపు ఉదయానికి గానీ తెలియదు, రేపటి రాజకీయ అతిథి రాత్రి పదికి రానని చెప్పవచ్చు. ముందురోజు మధ్యాహ్నానికే ఖాయం చేయగలిగినది సాంస్కృతిక అంశం ఒక్కటే. కాబట్టి గడియారంలో కదలని బిందువుల తర్వాత వెంటనే దాన్ని రాయండి. పెను విపత్తు సంభవిస్తే తప్ప దాన్ని తీసేయకూడదన్న మాట సిబ్బంది అందరూ ముందే ఒప్పుకోవాలి. గంట చివరనే ఉండాలన్న నియమమూ లేదు. 7.20 ప్రాంతంలో, పూర్తి వార్తల బరువు దిగి, రాజకీయ ఇంటర్వ్యూ ఇంకా రానిచోట, నాలుగు నిమిషాల కవిత్వమో సంగీతమో నాటకమో చక్కగా నిలుస్తుందని నా అనుభవం.

సాంస్కృతిక అంశాన్ని శబ్దంతో మొదలుపెట్టండి. చిత్రకారిణి గురించి చేసేటప్పుడు ఆమె చిత్రాలు అద్భుతమని ప్రయోక్త అనడం వల్ల చెవికి ఏమీ కనబడదు. కుంచెను నీళ్లలో కడిగి గాజు అంచుకు తట్టే చప్పుడు వినిపించి, ‘ఈ నీలం మూడోసారి కలుపుతున్నాను, ఇంకా కుదరలేదు’ అన్న ఆమె మాట పెడితే గది మొత్తం కనబడుతుంది. రికార్డింగ్ ముగిశాక వెంటనే పరికరం ఆపేయకుండా, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. ఒక్కో గదికి ఒక్కో నిశ్శబ్దం ఉంటుంది. ఎడిటింగ్‌లో మాటను కోసిన చోట ఆ నిశ్శబ్దాన్ని పరిస్తేనే కోత తెలియకుండా ఉంటుంది.

కొత్త పుస్తకమో ప్రదర్శనో వచ్చినప్పుడు ప్రచార సామగ్రిలోని పొగడ్తలను చదివి ఊరుకోవడం శ్రోతకు అన్యాయం. విమర్శకుడు ఏది బాగుందో, ఏది తేలిపోయిందో కారణంతో చెప్పాలి. రాజకీయ నాయకుడిని కారణం అడిగే కార్యక్రమం కళాకారుణ్ణి మాత్రం పొగిడి పంపితే, కళను చిన్నచూపు చూసినట్టే. కవిత వినిపిస్తే దాని తర్వాత రెండు సెకన్ల మౌనం ఉంచండి. పాటలు, రికార్డింగులు వాడేటప్పుడు హక్కుల అనుమతి ఉందో లేదో ముందురోజే చూసుకోవాలి.

అతుకులు

అంశాలన్నీ బాగా ఉండి అతుకులు చెడితే గంట మొత్తం చెడుతుంది. ప్రమాదంలో మనుషులు పోయిన వార్త చదివిన మరుక్షణం హుషారైన స్టింగ్ (అంశాల మధ్య వచ్చే చిన్న సంగీత ముక్క) మోగడం కంటే మనసు నొప్పించేది లేదు. అలాంటి వార్త వచ్చిన రోజున రన్నింగ్ ఆర్డర్‌ను మళ్లీ మొదటి నుంచి చదివి, ఆ వార్త పక్కకు ఏది వస్తుందో చూసి, స్టింగ్ తీసేసి, ఒక్క క్షణం ఆగి, సమయం చెప్పి, నిదానమైన అంశంలోకి వెళ్లాలి. సమయం చెప్పడం ఇక్కడ చక్కని వంతెనగా పనికొస్తుంది, ఎందుకంటే అది ఏ భావమూ లేని, అందరికీ అవసరమైన మాట.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు బలవంతపు ముడి. ‘ఇంతవరకు నీటి ఎద్దడి గురించి మాట్లాడుకున్నాం, ఇప్పుడు నీటి మీద ఒక చక్కని పాట’ అనడం నీళ్లు లేనివారినీ నొప్పిస్తుంది, పాటనూ చులకన చేస్తుంది. రెండు అంశాలకు సంబంధం లేకపోతే లేదనే ఒప్పుకుని, కొత్త అంశాన్ని దాని సొంత వాక్యంతో మొదలుపెట్టండి. ఆ పరిచయ వాక్యాలు అతిథి చెప్పబోయే మొదటి మాటనే ముందుగా చెప్పేయకూడదు. ప్రయోక్త ‘పదిహేనేళ్ల వయసులో నాటకాల్లోకి వచ్చారు’ అని, వెంటనే రికార్డింగ్‌లో ఆమె ‘నేను పదిహేనేళ్లకే నాటకాల్లోకి వచ్చాను’ అంటే, పరిచయం రాసినవారు రికార్డింగ్ వినలేదని అందరికీ తెలిసిపోతుంది.

ముందురోజు నుంచి మరునాటి దాకా

మధ్యాహ్నం సమావేశంలో గడియారం గీసి, సాంస్కృతిక అంశం ఖాయం చేసి, రాజకీయ అంశానికి ఇద్దరు అతిథులను అనుకోండి. రాత్రికి రికార్డింగులు కోసి, ప్రతిదాని నిడివి, మొదటి మాట, చివరి మాట క్యూ షీట్ మీద, అంటే ప్రసారంలో ఏది ఎప్పుడు మొదలై ముగుస్తుందో చూసుకునే కాగితం మీద, రాయండి. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చినవారు వార్తలు చూసి, రాత్రి వేసిన వరుస ఇంకా సరైనదేనా అని ప్రశ్నించుకోవాలి. దాన్ని మార్చే అధికారం వారికి ఉండాలి. ఫోన్ కలవని అతిథి కోసం రెండు, మూడు, నాలుగు నిమిషాల నిడివి గల, కాలంతో పాతబడని అంశాలు మూడు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి, వాడిన రోజే దాని స్థానంలో కొత్తది చేర్చండి.

ప్రసారమైన గంటను మరునాడు తప్పక వినండి. స్టూడియోలో స్క్రిప్టు చేతపట్టుకుని మాత్రం వద్దు. ఇంట్లో బట్టలు మడతపెడుతూనో, గిన్నెలు కడుగుతూనో వినండి, పక్కన ఒక కాగితం ఉంచుకోండి. మీ చేతిలో పని ఆగిపోయిన నిమిషాన్ని ఒక వైపు, మాట చెవిన పడుతున్నా మనసు ఎటో వెళ్లిపోయిన నిమిషాన్ని రెండో వైపు రాసి, ఆ కాగితాన్ని ఆనాటి మధ్యాహ్నం సమావేశంలో గడియారం పక్కన పెట్టండి.